వదిలిన నల్లకోటు, వదలని నల్లకోటు

మన జాతీయోద్యమ చరిత్రల్లో వకీలుకి ఒక స్థిరమైన పాత్ర ఉంది. అతను ప్రాక్టీసు వదిలేస్తాడు. 1920లో కాంగ్రెసు కోర్టుల బహిష్కరణకి పిలుపిచ్చాక చిత్తరంజన్ దాస్, మోతీలాల్ నెహ్రూ, మనవైపు ప్రకాశం, కొండ వెంకటప్పయ్య - వీళ్ళ గురించి మనం మొదట చెప్పుకునేది ఎంత సంపాదన కాలదన్నుకున్నారన్నదే. ఆ త్యాగాన్ని నేను తక్కువ చెయ్యను. రాజమండ్రిలో సెకండ్ గ్రేడు ప్లీడరుగా మొదలై, ఇంగ్లండు వెళ్ళి బారిష్టరై తిరిగొచ్చిన ప్రకాశం, 1921లో ఆ పనినే వదిలి ‘స్వరాజ్య’ పత్రికకి తన ఆస్తి ధారపోయడం సామాన్యం కాదు. కాని ఈ చరిత్రరచనలో ఒక చిక్కుంది. పని వదిలినవాడు చరిత్రకెక్కుతాడు. పని చేసినవాడు గుమాస్తా పద్దుల్లోనే ఉండిపోతాడు. వకీలుకి పనంటే ఫీజు తప్ప మరేమీ కాదన్న భావన దీని అడుగున ఉంది.

ఈ భావన నిలబడదనడానికి చౌరీచౌరా ఒక్కటి చాలు. 1922 ఫిబ్రవరి 4న అక్కడి రైతులు పోలీసు ఠాణా తగలబెట్టారు, పోలీసులు చనిపోయారు. గాంధీ ఉద్యమాన్నే ఆపేశాడు. మరి పట్టుబడ్డ రైతుల సంగతి? 1923 జనవరిలో గోరఖ్‌పూర్ సెషన్సు కోర్టు 172 మందికి ఉరిశిక్ష వేసింది. ఉద్యమం తనవాళ్ళు కారని చేతులు దులుపుకున్న మనుషులు వీళ్ళు. ఎన్నో ఏళ్ళ కిందటే ప్రాక్టీసు మానేసిన మదనమోహన మాలవీయ అప్పుడు మళ్ళీ కోటు తొడుక్కుని అలహాబాద్ హైకోర్టులో వీళ్ళ తరఫున నిలబడ్డాడు. మాలవీయ రాజకీయాలతో నాకు ఏకీభావం లేదు. ఇక్కడ అది ప్రశ్న కాదు. గుంపుగా శిక్షపడ్డవాళ్ళని విడివిడి మనుషులుగా కోర్టు ముందు నిలబెట్టాలి. అప్రూవరుగా మారినవాడి మాట ఎవరి విషయంలో ఎంత నమ్మాలి, దానికి వేరే బలం ఉందా లేదా అని ఒక్కొక్క పేరుకీ తేల్చాలి. ఇది ఉపన్యాసం ఇచ్చి చేసే పని కాదు, రాత్రుళ్ళు రికార్డు ముందు కూర్చుని చేసే పని. ఏప్రిల్‌లో హైకోర్టు ఖాయం చేసిన ఉరిశిక్షలు 19. ఈ తగ్గుదలంతా ఒక్కడి ఘనత అనను. కాని మాలవీయ ఆనాడు తన త్యాగాన్ని కాపాడుకుంటూ ఇంట్లో కూర్చుని ఉంటే?

మన సాహిత్యంలో వకీలు పనికి పర్యాయపదం వాయిదా. ‘కన్యాశుల్కం’లో అగ్నిహోత్రావధాన్లుకి పట్టిన వ్యాజ్యాల పిచ్చి చూసి నవ్వని తెలుగువాడు లేడు. అదే నాటకంలో హత్యానేరం నెత్తిన పడ్డ లుబ్ధావధాన్లుకి అండగా నిలిచింది సౌజన్యారావు పంతులనే వకీలే. మన విమర్శకులు ఆయనలో సంస్కర్తనే చూశారు, పనిమంతుణ్ణి చూడలేదు.

వాయిదా విలువ తెలంగాణ రైతాంగానికి తెలుసు. పోలీసు చర్య తరవాత, 1949లో స్పెషల్ ట్రిబ్యునళ్ళు 12 మందికి ఉరిశిక్ష వేశాయి. హైదరాబాద్ హైకోర్టు ఆ శిక్షల్ని ఖాయం చేసింది ఆ డిసెంబరులో. రాజ్యాంగం అమల్లోకి వచ్చింది 1950 జనవరి 26న. ఆ కొద్ది వారాల తేడాతో సుప్రీంకోర్టుకి అప్పీలు చేసుకునే హక్కే లేదన్నారు. అప్పుడు రిట్ పిటిషన్లతో వాదన కొత్తదారిలో నడిపారు. లండన్ నుంచి వచ్చిన డి.ఎన్. ప్రిట్ వాదించాడు, డేనియల్ లతీఫీ తోడున్నాడు. ఆ తరవాత కెన్యాలో జోమో కెన్యాట్టా కేసు వాదించిన ప్రిట్ ఇతనే. ట్రిబ్యునల్ ముందు ముద్దాయిలకి వకీలు లేకుండానే విచారణ సాగిందన్నది వాదనల్లో ఒకటి. అంతమాత్రాన విచారణ చెల్లకుండా పోదని కోర్టు 1951 మార్చిలో పిటిషన్లు కొట్టేసింది. కేసు ఓడిపోయింది. మనుషులు మాత్రం బతికారు. ఉరిశిక్షలు తరవాత యావజ్జీవాలయ్యాయి. ఉరికొయ్యకీ మనిషికీ మధ్య కాయితాలు అడ్డంపెట్టి కాలాన్ని సంపాదించడం కూడా పోరాటమే. తెలంగాణ పోరాట సాహిత్యంలో తుపాకి పట్టిన చెయ్యి మీద ఉన్నన్ని పాటలు, పిటిషన్ రాసిన చెయ్యి మీద నాకు కనపడలేదు.

అయితే అదే వాయిదా రాజ్యం చేతిలో శిక్ష కూడా అవుతుంది. 1974లో రచయితల్ని ముద్దాయిలుగా చేర్చిన సికిందరాబాదు కుట్రకేసుని 1989లో కొట్టేశారు. పదిహేనేళ్ళు! నిర్దోషులని తేలేలోపు యవ్వనాలు గడిచిపోయాయి. ఆ కేసులో ముద్దాయిల తరఫున నిలబడ్డ కన్నబిరాన్ తన జ్ఞాపకాలకి ‘24 గంటలు’ అని పేరు పెట్టాడు. ఆ పేరు చూస్తే నాకు గుర్తొచ్చేది రాజ్యాంగంలోని 22వ అధికరణం: పట్టుకున్న మనిషిని ఇరవైనాలుగు గంటల్లో మేజిస్ట్రేటు ముందు హాజరుపెట్టాలి. ఒక వకీలు జీవితకాలపు పనంతా ఆ గడువులో ఇమిడిపోతుంది.

ఇక రావిశాస్త్రి. ఆయన విశాఖపట్నంలో లాయరన్న సంగతి పరిచయవాక్యాల్లో ఒకమాటగా చెప్పి వదిలేస్తాం. ‘ఆరు సారాకథలు’ మళ్ళీ చదవండి. మద్యనిషేధ చట్టం పోలీసుకి ఎలా అన్నం పెట్టింది, సాక్షి ఎక్కడ తయారవుతాడు, పేదవాడు బోనులో ఏ మాట మింగేస్తాడు - ఇవి పుస్తకాల్లో దొరికేవి కావు. ఆయన వాక్యం నడకలో నాకు క్రాస్ ఎగ్జామినేషన్ వినిపిస్తుంది: అన్నమాటే మళ్ళీ అనడం, కాస్త తిప్పి అడగడం, అబద్ధం దానంతటదే బయటపడేదాకా వదలకపోవడం. ఆయన వృత్తి ఆయన సాహిత్యానికి పెరటిగుమ్మం కాదు, సింహద్వారం.

జిల్లా కోర్టు వకీళ్ళ ఇళ్ళల్లో అటకలమీద పాతకేసుల కట్టలున్నాయి. కౌలు తగాదాలు, సమ్మె కేసులు, అటవీ నేరాలు. వారసులు వాటిని తూకానికి అమ్మేస్తున్నారు. పరిశోధనకి అంశం దొరకడం లేదనే సాహిత్య విద్యార్థులు అమ్మకానికి ముందే ఆ ఇళ్ళ తలుపులు తట్టవచ్చు.