నేతపని నడచిన త్రోవ

ఒక దేశమువారు తమకు కావలసిన పనిని వేరొక దేశమున చౌకగా చేయించుకొనినయెడల లాభమెవరికి, నష్టమెవరికి? ఈ ప్రశ్న హైదరాబాదు కంప్యూటరు కొలువులతో పుట్టినదని కొందరు తలంతురు. మన నెల్లూరు తీరమున దీనికి నాలుగు వందల యేండ్ల చరిత్ర కలదు.

మన దుగరాజపట్నమున ఆంగ్లేయుల ఈస్టిండియా కంపెనీవారు 1626లో వర్తకశాలను స్థాపించి, కోట కట్టి ఫిరంగుల నుంచిరి. వారు కోరి వచ్చినది నూలుబట్ట. కాని అచ్చటి అధికారియగు ఫ్రాన్సిస్ డే దక్షిణమునకు పోయి చూచి, మద్రాసు ప్రాంతమున బట్ట నూటికి ఇరువది వంతులు చౌకయని తెలిపెను. 1639లో అచ్చట స్థలము సంపాదించిరి. మరుసటి యేట దుగరాజపట్నమును విడిచి తరలిరి. ఇతర కారణములును లేకపోలేదు. అయినను చౌకకై వచ్చినవాడు చౌకకై పోవునని మన తీరము అప్పుడే చూచినది.

పిదప మన దేశపు అద్దకపు బట్టలు ఇంగ్లండున విరివిగా అమ్ముడుపోయెను. అవి తేలిక, ఉదికినను రంగు వీడవు, వెలయు తక్కువ. కొనువారు సంతసించిరి. ఉన్నిని, పట్టును నేయు అచ్చటి నేతగాండ్రకు మాత్రము పని తగ్గెను. 1719లో వారు లండను వీథులలో ఆ బట్టలు ధరించిన స్త్రీలపై బడి వానిని చించివేసిరి. పార్లమెంటువారు 1700, 1721 సంవత్సరములలో శాసనములు చేసి వానిని నిషేధించిరి. ఆకలిగొన్నవాని కోపము లాభము గడించిన వర్తకుని విడిచి, గుడ్డ కట్టుకొనిన యాడుదానిపైకి పోయినది.

అనంతరము చక్రము తిరిగెను. ఇంగ్లండున వడకు యంత్రములు, 1785లో యంత్రపు మగ్గము బయలుదేరెను. 1813లో భారతదేశ వర్తకమున కంపెనీకి గల గుత్తాధికారము తొలగెను. మన బట్టపై అచ్చట హెచ్చు సుంకము, వారి బట్టపై ఇచ్చట స్వల్ప సుంకము. లాంకషైరు సరకు మన రేవులకు వరదవలె వచ్చెను.

మొదట దెబ్బతిన్నది రాట్నము. ఇంట గూర్చుండి నూలు వడికి పొట్టపోసికొను స్త్రీల పని పోయెను. మిల్లునూలును కొన్నవారిలో మన నేతగాండ్రును గలరు. అది సన్నము, సమము, చౌక. వారిని నేను నిందింపను. కాని లెక్క చూడుడు. కొనువాని కొక్కొక్కనికి మిగిలినది కొద్దికాసులు. వడకునామెకు పోయినది పూటకూడు. లాభము వేయి యిండ్లకు పలుచగా పంచబడును. నష్టమో, ఒక్క వాడమీద కుప్పగా పడును. అందుచే లాభము పొందినవారికి ఆ నష్టము కానరాదు. తరువాత మగ్గములును అనేకము నిలిచెను. అయినను వెంకటగిరి, పాటూరు నేత నేటికిని నిలిచియున్నది.

1921 ఏప్రిల్ 7న పెన్నయొడ్డున పల్లిపాటి ఆశ్రమమును గాంధీ మహాత్ముడు ప్రారంభించెను. అచ్చట మరల రాట్నము తిరిగెను. 1931 సెప్టెంబరులో ఆయన లాంకషైరునకే పోయి, డార్వెన్ ప్రాంతమున పనిలేని మిల్లు కార్మికులను కలిసికొనెను. మన విదేశీ వస్త్ర బహిష్కారముచేతను వారికి కష్టము కలిగియుండెను. అయినను వారాయనను ఆదరించిరి. ఆయన వారి బాధను విని, మన దారిద్ర్యమును వారికి తెలియజెప్పెను. ఇరువురును పనివాండ్రే గనుక ఒకరి మాట యొకరికి వినబడెను. తరువాతి కాలమున ఆ మిల్లులును మూతపడెను. వాని పని చౌకదేశములకు తరలెను.

ఇప్పుడు అమెరికావాని టెలిఫోను ప్రశ్నకు హైదరాబాదునుండి మన బిడ్డ జవాబు చెప్పుచున్నది. ఆ కూలి ధర్మమైనదే. ఆ బిడ్డ యెవరి సొత్తును అపహరింపలేదు. కాని ఆ కుర్చీలో ఒకప్పుడు కూర్చున్నవాడు అచ్చట నిరుద్యోగియై యుండవచ్చును. అచ్చటి కొనువానికిని వెల తగ్గిన సుఖముతోబాటు, తన యూరి సంగతి యెరుగని వానితో మాటాడవలసిన చిక్కు గలదు. మనకంటె చౌకయగు చోటు దొరికిననాడు, మనుష్యుడే అక్కరలేని యంత్రము దొరికిననాడు, ఈ పనియు కదలును.

కావున పెద్దలకు నా విన్నపము. ఇట్టి కొలువు వచ్చిన యింట ఆ జీతమునే శాశ్వతమని నమ్మి అప్పులు చేయనీకుడు. పిల్లలకు రెండవ విద్య నొకదానిని నేర్పింపుడు. మన యూరి మగ్గముపై నేసిన చీరను కొనునపుడు బేరమాడుటకు ముందు, ఆ తగ్గింపు ఎవరి కంచములోనుండి వచ్చుచున్నదో ఒక్కసారి యోచింపుడు.