పగటి టీవీలో కోర్టు కార్యక్రమాలు

నిజమైన కక్షిదారులు తమ చిన్నాచితకా తగాదాలను కెమెరా ముందు వాదించుకుంటే, జడ్జిలా నల్లగౌను తొడుక్కున్న వ్యక్తి అక్కడికక్కడే తీర్పు చెప్పే కార్యక్రమాలివి. ఇవి ప్రధానంగా అమెరికా పగటి టీవీలో వర్ధిల్లాయి.

1957లో మొదలైన ‘డివోర్స్ కోర్ట్’లో విడాకుల కేసులను నటులు అభినయించేవారు. అసలు వాది ప్రతివాదులనే రప్పించే ఒరవడి 1981 సెప్టెంబరులో ‘ది పీపుల్స్ కోర్ట్’తో స్థిరపడింది. లాస్ ఏంజెలెస్ సుపీరియర్ కోర్టులో పనిచేసి రిటైరైన జోసెఫ్ వాప్నర్ 1993 దాకా అందులో తీర్పులు చెప్పారు.

చూడటానికి కోర్టే గానీ, చట్టం దృష్టిలో ఇది మధ్యవర్తిత్వం. తీర్పుకు కట్టుబడతామని ఇరుపక్షాల వారూ ముందే సంతకం చేస్తారు. తర్వాత వచ్చిన ‘జడ్జ్ జూడీ’ కార్యక్రమంలో గరిష్ఠ పరిహారం 5,000 డాలర్లు, ఆ సొమ్ము చెల్లించేది ఓడినవారు కాదు, నిర్మాతలు. ప్రయాణం, హోటల్ ఖర్చులూ వాళ్లవే. ఓడినా జేబుకు చిల్లు పడదు కాబట్టే జనం తమ ఇంటిగుట్టు బయటపెట్టుకోవడానికి వెనకాడలేదనుకోవాలి. గ్యాలరీలో కూర్చున్నవారు కూడా కూలికి వచ్చినవారే.

జుడిత్ షైండ్లిన్ న్యూయార్క్ ఫ్యామిలీ కోర్టు మాజీ జడ్జి. ఆమె ‘జడ్జ్ జూడీ’ 1996 నుంచి 2021 వరకు 25 సీజన్లు నడిచింది. 2009-10లో ఓప్రా విన్‌ఫ్రే షోను సైతం ప్రేక్షకాదరణలో దాటేసింది. ఏడాదికి 52 రోజుల షూటింగుకు ఆమె పారితోషికం 4.7 కోట్ల డాలర్లకు చేరింది. తెర మీద న్యూయార్క్ దృశ్యాలు కనిపించినా చిత్రీకరణంతా లాస్ ఏంజెలెస్‌లోనే. అబద్ధమాడినవాళ్లను ఆమె మొహం వాచేలా చీవాట్లు పెట్టడమే అసలు ఆకర్షణ. నిజమైన జడ్జి అలా మాట్లాడితే ఫిర్యాదులు వస్తాయి.

ఎగ్గొట్టిన ఇంటద్దె, విడిపోయిన ప్రేమికుల మధ్య చేబదుళ్లు, కుక్క కాట్లు: కేసులు ఎక్కువగా ఈ తరహావే. అరగంటలో గొడవ, తీర్పు రెండూ అయిపోతాయి. సీరియల్‌లా నిన్నటి కథ తెలియాల్సిన పనిలేదు. సెట్టు ఒక్కటే, రాసిన స్క్రిప్టూ, నటులూ ఉండరు కాబట్టి నిర్మాణం చవక. స్థానిక చానెళ్లు రోజుకు రెండేసి ఎపిసోడ్లు వేసుకునేవి.

తెలుగులో జీ తెలుగు ప్రసారం చేసిన ‘బతుకు జట్కాబండి’ కూడా జనం తగాదాలతో నడిచినదే. అయితే దాని వరస ఊరి పంచాయితీది. అక్కడ భార్యాభర్తల రాజీకే పెద్దపీట.

పగటి టీవీ ప్రేక్షకులు తగ్గడంతో ‘ది పీపుల్స్ కోర్ట్’, అదే కోవకు చెందిన ‘జడ్జ్ మ్యాథిస్’ రెండూ 2023లో ముగిశాయి. షైండ్లిన్ అప్పటికే, 2021లో, ‘జూడీ జస్టిస్’తో అమెజాన్ వారి ఉచిత స్ట్రీమింగ్ సేవకు మారారు.