హోవర్డ్ పైల్ బడిలో ఆఖరి ఏడాది

మా ఫైనలియర్ ప్రాజెక్టు అమీర్‌పేటలో కొన్నాం. నలుగురం తలా కొంత వేసుకున్నాం. కోడు, రిపోర్టు, వైవాలో అడగబోయే ప్రశ్నలు, వాటికి జవాబులు అన్నీ కలిపి చేతిలో పెట్టారు. నల్ల రెక్సిన్ అట్ట మీద బంగారు రంగు అక్షరాల్లో మా పేర్లు. వైవాకొచ్చిన ఎక్స్‌టర్నల్ డేటాబేస్ డిజైన్ చూసి చాలా బాగుందన్నారు. తిట్టి ఉంటే ఈపాటికి మర్చిపోయేవాణ్ణి. ఆ మెచ్చుకోలు మాత్రం ఇంకా అరగలేదు. అందుకేనేమో, విద్యార్థిగా ఉండగానే పేరు తెచ్చుకున్న వాళ్ళ కథలు ఎక్కడ కనబడ్డా కాస్త అనుమానంగా చదువుతాను. ఇందులో నీదెంత బాబూ, అని.

ఎన్.సి. వైయెత్ దగ్గర ఆగింది కూడా ఆ అనుమానంతోనే.

పేరు కొత్తగా అనిపించొచ్చు. స్టీవెన్సన్ 'ట్రెజర్ ఐలాండ్' మాత్రం మనకి తెలిసిందే, నండూరి రామమోహనరావు తెలుగులో 'కాంచనద్వీపం' చేశారు. 1911లో స్క్రిబ్నర్స్ వాళ్ళు ఆ నవలని వైయెత్ బొమ్మలతో వేశారు. అమెరికాలో కొన్ని తరాల పిల్లలకి సముద్రపు దొంగలంటే ఆ బొమ్మల్లోని దొంగలే. నాకు ఆసక్తి కలిగించేది మాత్రం అంతకు ముందు ఏడెనిమిదేళ్ళు.

వైయెత్ 1882లో మసాచుసెట్స్‌లోని నీధమ్‌లో పుట్టాడు. తండ్రి గడ్డి, ధాన్యం వ్యాపారి. కొడుకు అన్నం పెట్టే పని ఏదైనా నేర్చుకోవాలని ఆయన, బొమ్మలు వేసుకోనివ్వమని తల్లి. (ఈ తగాదా మన ఇళ్ళలో ఏ బ్రాంచి తీసుకోవాలన్న దగ్గర జరుగుతుంది.) బోస్టన్‌లో రెండుమూడు చోట్ల నేర్చుకుని, 1902 అక్టోబరులో, ఇరవయ్యో ఏట, డెలవేర్ రాష్ట్రంలోని విల్మింగ్టన్‌కి హోవర్డ్ పైల్ దగ్గరికి వెళ్ళాడు.

అప్పటి అమెరికాలో ఇలస్ట్రేటర్ అంటే చిన్న పేరు కాదు. చెక్క మీద చెక్కి అచ్చేసే పద్ధతి వెనకబడి, హాఫ్‌టోన్ బ్లాకులు వచ్చేశాయి. చిత్రకారుడు వేసింది వేసినట్టుగా పత్రికలో వస్తోంది. సినిమా ఇంకా పసిగుడ్డు, రేడియో లేదు. మంచి బొమ్మలకి పత్రికలు బాగానే డబ్బిచ్చేవి. ఆ లోకంలో పైల్ పెద్ద దిక్కు. ఫిలడెల్ఫియాలోని డ్రెక్సెల్‌లో ఆరేళ్ళు పాఠం చెప్పి, అక్కడి పద్ధతి నచ్చక, 1900లో సొంత బడి పెట్టుకున్నాడు. ఫీజు లేదు. స్టూడియో అద్దె, సామాన్ల ఖర్చు విద్యార్థులవి. దరఖాస్తులు వందల్లో వచ్చినా తీసుకునేది కొద్దిమందినే. వైయెత్‌ని కూడా మొదట పరీక్షగానే చేర్చుకున్నారు.

పైల్ చిన్నప్పుడు తను చదివిన చోట ఏళ్ళ తరబడి ప్లాస్టర్ బొమ్మలు చూసి గీసినవాడే. అది వృథా అని అతని గట్టి నమ్మకం. తన బడిలో అసలు పరీక్ష సోమవారం సాయంత్రాలు. ప్రతి ఒక్కరూ మోడల్ లేకుండా, ఊహించి, బొగ్గుతో ఒక కాంపొజిషన్ వేసుకురావాలి. అన్నిటినీ వరసగా పెడితే పైల్ ఒక్కోదాని ముందు కూర్చుని మాట్లాడేవాడు. చెయ్యి తప్పు పోవడం గురించి ఎక్కువ మాట్లాడేవాడు కాదు. ఆ మనిషికి అక్కడ చలి వేస్తోందా, ఆ తలుపు వెనక ఏముంది, నువ్వు ఆ గదిలోకి వెళ్ళావా లేదా, అదీ అతని గోల. నా ఉద్యోగంలో కోడ్ రివ్యూలు చాలా చూశాను. సెమికోలన్ గురించి కాక, అసలు ఈ ఫీచర్ ఎవరికోసం అని అడిగే మనిషి ఇద్దరో ముగ్గురో తగిలారు. వాళ్ళంటే భయంగా ఉండేది.

వైయెత్ చేరి నాలుగు నెలలైనా నిండా గడవకముందే, 1903 ఫిబ్రవరి 21 నాటి 'సాటర్డే ఈవెనింగ్ పోస్ట్' ముఖచిత్రం అతనిది. ఎగిరి దూకుతున్న గుర్రం, దాని మీద కౌబాయ్. ఇరవయ్యేళ్ళ విద్యార్థికి దేశమంతా చూసే కవరు. నా అనుమానం మొదలైంది ఇక్కడే. ఎందుకంటే అప్పటికి వైయెత్ పడమటి రాష్ట్రాల మొహం చూడలేదు. ఆ కౌబాయ్ రెమింగ్టన్ లాంటి వాళ్ళు అప్పటికే జనానికి అలవాటు చేసిన కౌబాయ్. గుర్రం మాత్రం అతనిదే, నీధమ్‌లో గుర్రాల మధ్య పెరిగాడు. సగం సొంతం, సగం మార్కెట్లో దొరికింది. మేం కొన్న ప్రాజెక్టు కంటే ఎంతో నయం, ఒప్పుకుంటాను. అయినా అదే గీతలో నడుస్తూ అతను జీవితమంతా గడిపేయగలిగేవాడు. గిరాకీ ఉంది, చెయ్యి తిరిగింది, ఎక్స్‌టర్నల్ మెచ్చుకున్నాడు.

తర్వాతి ఏడాదిన్నర పైకి పెద్దగా ఏమీ జరగనట్టే ఉంటుంది. పత్రికల పనులు వస్తున్నాయి. సోమవారం సాయంత్రాలు నడుస్తున్నాయి. 1903 వేసవిలో పైల్ విద్యార్థుల్ని చాడ్స్ ఫోర్డ్ తీసుకెళ్ళాడు. బ్రాండీవైన్ వాగు పక్కన చిన్న పల్లె, 1777లో వాషింగ్టన్ సైన్యం ఓడిపోయిన చోటు. ఎండలో పొలాల్లో రంగులు వేయడం అక్కడ. వైయెత్ ఇంటికి, ముఖ్యంగా తల్లికి, ఎడతెగకుండా ఉత్తరాలు రాసేవాడు. అవి 1971లో పెద్ద పుస్తకంగా వచ్చాయి. పేరొచ్చిన కుర్రాడి ధీమా వాటిలో ఉంది, దాని పక్కనే ఇల్లు గుర్తొచ్చి కుంగిపోవడమూ ఉంది.

1904లో పైల్ దగ్గర చదువు ముగిసింది. ఆ శరదృతువులో వైయెత్ చేసిన పని చూశాక నా అనుమానం వెనక్కి తీసుకున్నాను. 'పోస్ట్', స్క్రిబ్నర్స్ వాళ్ళ సాయంతో పడమటికి రైలెక్కాడు. కొలరాడోలో పశువుల్ని తోలుకొచ్చే కౌబాయ్‌లతో కలిసి పనిచేశాడు. తర్వాత నవాహో ప్రాంతంలో డబ్బు దొంగలపాలైతే, గుర్రం మీద టపా మోసి సంపాదించుకున్నాడు. డిసెంబరుకి తిరిగొచ్చాడు. ఆ అనుభవం 'స్క్రిబ్నర్స్' పత్రికలో 1906 మార్చిలో అతని రాతతో, అతని బొమ్మలతోనే వచ్చింది. కవరు మీద అచ్చయి అమ్ముడుపోయిన దాన్ని, ఇక ఎవరూ అడగని ప్రశ్నని పట్టుకుని, వెళ్ళి చూసి రావడం. డిగ్రీ చేతికొచ్చాక నేను కూడా ఆ డేటాబేస్‌ని ఒక్క వారాంతం కూర్చుని సొంతంగా కట్టి ఉండొచ్చు. తోచలేదు.

పడమరకి వెళ్ళొస్తే సరిపోయిందా అంటే, నా లెక్కలో లేదు. ఆ కౌబాయ్ బొమ్మలు బాగుంటాయి, అంతే. పైల్ సోమవారాల్లో అడిగిన దానికి జవాబు నాకు 1911 నాటి బొమ్మల్లోనే కనిపిస్తుంది. 'ట్రెజర్ ఐలాండ్' కోసం వైయెత్ పదిహేడు చిత్రాలు వేశాడు. పుస్తకంలో అరచేతి సైజుకి తగ్గేవే అయినా, ఒక్కో కాన్వాసు దాదాపు నాలుగడుగుల ఎత్తు. ఆ డబ్బుతోనే చాడ్స్ ఫోర్డ్‌లో 18 ఎకరాలు కొని ఇల్లు, స్టూడియో కట్టుకున్నాడు.

వాటిలో గుడ్డి ప్యూ చిత్రం అందరికీ ఇష్టం. వెన్నెల్లో కర్ర తాటించుకుంటూ వచ్చే ఆ రూపం చూస్తే నిజంగానే ఒళ్ళు జలదరిస్తుంది. నేను ఎక్కువసేపు చూసేది ఇంకోటి, జిమ్ హాకిన్స్ ఇల్లు వదిలి వెళ్ళే బొమ్మ. నవలలో ఆ ఘట్టం దాదాపు లేనట్టే. అమ్మకీ ఊరికీ వీడ్కోలు చెప్పానని జిమ్ ఒక్క వాక్యంలో తేల్చేసి బండెక్కుతాడు. కత్తులు, తుపాకులు, ఓడలు ఇన్ని ఉండగా వైయెత్ ఆ వాక్యం దగ్గర ఆగాడు. బొమ్మలో కుర్రాడు చేతిలో మూటతో మనవైపు నడుస్తున్నాడు. వెనక ఇంటి గోడ, ఎండ. తల్లి ఆప్రాన్‌లో మొహం దాచుకుని ఏడుస్తోంది. జిమ్ వెనక్కి తిరిగి చూడటం లేదు. స్టీవెన్సన్ ఆమెని ఏడిపించలేదు. ఆ ఏడుపు ఎక్కణ్ణుంచి వచ్చిందో తెలియాలంటే 1902 అక్టోబరులో నీధమ్ నుంచి బయల్దేరిన కుర్రాణ్ణి, వాడు రాసిన ఆ ఉత్తరాల కట్టనీ తలుచుకుంటే చాలనిపిస్తుంది. సముద్రపు దొంగల పుస్తకంలో అతను వెళ్ళి చూసి రావాల్సిన చోటు అదొక్కటే, అప్పటికే చూసి ఉన్నాడు.

వైయెత్ తర్వాతి జీవితమంతా తను ఇలస్ట్రేటర్‌గా మిగిలిపోయానని, 'అసలైన' చిత్రకారుణ్ణి కాలేకపోయానని బాధపడ్డాడు. కొడుకు ఆండ్రూ ఆ రెండో పేరు తెచ్చుకున్నాడు. ఆ బాధలో న్యాయం ఉందని నాకు అనిపించదు, కానీ అది వేరే వ్యాసం.

పైల్ 1910లో ఇటలీ వెళ్ళాడు, పాత మహాచిత్రకారుల గోడచిత్రాలు చూసి నేర్చుకోవడానికి. యాభై ఏడేళ్ళ వయసులో, అన్నేళ్ళు పాఠాలు చెప్పాక. 1911 నవంబరు 9న ఫ్లోరెన్స్‌లో చనిపోయాడు. శిష్యుడి 'ట్రెజర్ ఐలాండ్' వచ్చిన ఏడాదీ అదే.