పెట్టెలో గాలి, పరుపు గుడ్డ

పాతకాలపు వాల్వు రేడియో వెనుక అట్ట తీసి చూస్తే లోపల సగం ఖాళీయే. "ఇంతోటి సరంజామాకి అంత పెట్టె ఎందుకూ, చోటు దండుగ!" అని విసుక్కున్న ఇల్లాళ్లు ఎందరో. కాని మృదంగం గుమ్మని మోగాలంటే ఆ పెట్టె కావలసిందే మరి!

స్పీకరులోని కాగితపు కోను ముందుకు కదిలి ముందున్న గాలిని నెడుతుంది. అదే క్షణంలో వెనుక గాలిని లాగుతుంది. ఒక చేత్తో ఇచ్చి రెండో చేత్తో గుంజుకున్నట్టు, ఆ రెండూ కలిస్తే శబ్దం మిగలదు. సన్నని స్వరాలకు ఈ బెడద తక్కువ. మంద్రస్వరాల అలలు మాత్రం మహా పొడుగు. సెకనుకు 50 సార్లు కంపించే నాదానికి అల పొడవు దాదాపు 7 మీటర్లు! అది స్పీకరు అంచు చుట్టి ఇట్టే రెండోవైపుకి చేరిపోతుంది. అందుకే మధ్యన చెక్క అడ్డం.

పోనీ, వెనుకంతా మూసేస్తేనో? చిన్న పెట్టెలో బంధించిన గాలి స్ప్రింగులా బిగుసుకుని కోనును కదలనివ్వదు. 1932లో అమెరికాలో బెల్ లేబొరేటరీస్‌కు చెందిన ఆల్బర్ట్ థురాస్, పెట్టెకు లెక్క ప్రకారం ఒక రంధ్రం పెట్టి, వెనుక నాదాన్ని ముందు నాదానికి తోడు తెచ్చే ఉపాయానికి పేటెంటు పొందాడు. అయినా గంభీరమైన నాదం కోరినవాళ్ల ఇళ్లలో స్పీకర్లు బీరువాలంత పెరిగాయి.

అప్పుడు న్యూయార్క్ విశ్వవిద్యాలయంలో పాఠాలు చెప్పే ఎడ్గార్ విల్చర్ తిరగేసి ఆలోచించాడు. గాలి స్ప్రింగవుతుందా? కానీండి! కోను అంచున ఉండే బిగువు ఊతమే తీసేసి, వదులుగా గుడ్డ కడదాం. కోనును మళ్లీ చోటికి తెచ్చే పని ఆ గాలే చూసుకుంటుంది, అదీ సమంగా!

ఆ వదులు అంచుకు దొరికిందేమిటనుకున్నారు? పరుపు గుడ్డ! దాన్ని ఎలా కత్తిరించాలో నమూనా గీసి ఇచ్చింది ఆయన భార్య రోజ్‌మెరీ. యుద్ధకాలంలో ఆవిడ డ్రాఫ్ట్స్‌మన్‌గా పనిచేసింది. జాకెట్టుకు కొలతలు గీసే చేతులకు ఆ పని విలువ వేరే చెప్పాలా!

1954లో విల్చర్, ఆయన శిష్యుడు హెన్రీ క్లాస్ కలిసి అకౌస్టిక్ రీసెర్చ్ కంపెనీ పెట్టి, రెండడుగుల పైచిలుకు పెట్టెలో బీరువా నాదం వినిపించారు. గదిలో చోటు మిగిలింది.

పేటెంటు మాత్రం విల్చర్ ఒక్కడి పేరిటే ఉంది. ఈసారి చిన్న పెట్టెలోంచి మృదంగం గుమ్మని మోగితే, పరుపు గుడ్డకు నమూనా గీసిన ఆ ఇల్లాలిని కూడా ఒకసారి తలుచుకుందాం.