మృదంగం నల్లమందులోని లెక్క

మన అవుకు పక్క మండలం కొలిమిగుండ్లలోని బెలూం గుహలను 1982, 83లలో జర్మన్ పరిశోధకుడు హెర్బర్ట్ డేనియల్ గెబౌర్ బృందం శోధించింది. అందులోని సప్తస్వరాల గుహను 2006లో సందర్శకులకు తెరిచారు. తర్వాత మా బ్యాచ్ వాళ్లం వెళ్లాం. వేలాడే రాయిని వేలితో తడితే గంటలా మోగింది. "రాయా, మృదంగమా?" అన్నాడొకడు.

తేడా ఉంది. తీగ మోగితే అసలు స్వరంతో పాటు దానికి 2, 3, 4 రెట్ల స్వరాలు పలుకుతాయి. అందుకే చెవికి ఇంపు. ఒక కొస బిగించిన కడ్డీకి రెండో కంపనం మొదటిదానికి సుమారు 6.27 రెట్లు. గుండ్రంగా బిగించిన వట్టి తోలుకు 1.59, 2.14, 2.30 రెట్లు. ఈ లెక్కన తప్పెట శబ్దమే గానీ శ్రుతి పలకకూడదు. మరి మృదంగం ఎలా పలుకుతుంది?

విశాఖలో చదువుకున్న సి.వి. రామన్, శివకాళి కుమార్‌తో కలిసి 1920లో 'నేచర్' పత్రికలో జవాబు రాశారు. కుడివైపు తోలు నడుమ ఉన్న నల్లమందు బరువు వల్ల కంపనాలు సర్దుకుని 2, 3, 4, 5 రెట్లకు చేరతాయి. ఇనుము కలిసిన రాతిపొడిని అన్నంతో మెదిపి, పొర మీద పొర వేసి, నున్నటి రాయితో రుద్దుతారు. ఆ ఉపాయం కనిపెట్టినవారి పేర్లు చరిత్రలో మిగల్లేదు.

మా తరగతిలో ఒక మిత్రుడుండేవాడు. భజన మృదంగానికి తోలు బిగించి మందు పట్టించేది వాళ్ల నాయనే. ఆయన దాన్ని గడప బయటే తీసుకుని, బయటే ఇచ్చిపోయేవాడు. ధ్వని పాఠం రోజు ట్యూనింగ్ ఫోర్క్‌ను బల్లకు తాకించి అందరం విన్నాం. వెనక బెంచీలోని అతణ్ణి "మీ నాయన ఆ మందు ఎందుకు రాస్తాడురా?" అని ఎవరూ అడగలేదు. ముందు బెంచీలో కూర్చున్న నేనూ అడగలేదు. ఇంజనీరునయ్యాకే రామన్ వ్యాసం చదివి, ఆ జవాబు మన ఊళ్లోనే ఉండిందని తెలుసుకున్నాను.

వాళ్ల నాయన ఇప్పుడు లేడు. ఎన్ని పొరలు వేసేవాడో, ఎక్కడ ఆపేవాడో మిత్రుడికి గుర్తుండవచ్చు. స్వర్ణోత్సవానికి అతను వస్తున్నాడట. నలభై ఏళ్లు ఆలస్యమైనా ఆ ప్రశ్న అడుగుతాను. మన బడి ప్రయోగశాలలో ట్యూనింగ్ ఫోర్క్ పక్కన ఒక మృదంగం పెడదాం. మొదటి పాఠం అతని చేతే చెప్పిద్దాం.