కంటైనర్లలో అమరికల ఫైళ్ల సవరణ: చారిత్రక పరిశీలన

యునిక్స్ సంప్రదాయంలో ఒక సేవ ఎలా నడవాలో నిర్ణయించేవి చాలావరకు సాదా అక్షరాల ఫైళ్లే. నిర్వాహకుడు ఈటీసీ డైరెక్టరీలోని ఫైలును వీఐ వంటి ఎడిటర్‌లో తెరిచి, ఒక పంక్తి మార్చి, ఆ సేవను తిరిగి ప్రారంభించేవాడు. ఆ మార్పుకు కారణం తరచుగా అతని జ్ఞాపకంలోనే మిగిలిపోయేది. కంటైనర్ల రాక ప్రశ్నించింది ఈ అలవాటునే.

ప్రక్రియలను వేరుచేసి నడపాలనే ఆలోచన కొత్తది కాదు. 1979 నాటి ఏడవ కూర్పు యునిక్స్‌లో క్రూట్, 2000లో ఫ్రీబీఎస్‌డీ జైళ్లు, 2008లో లినక్స్‌పై ఎల్ఎక్స్‌సీ వెలువడ్డాయి. వీటిని చాలామంది చిన్నపాటి యంత్రాలుగానే చూశారు. లోపలికి వెళ్లి ఫైలు దిద్దడం అక్కడ తప్పనిపించలేదు.

2013 మార్చిలో సాలమన్ హైక్స్ పైకాన్ సభలో ప్రదర్శించిన డాకర్‌తో పరిస్థితి మారింది. డాకర్ ఇమేజ్ మార్చడానికి వీలులేని పొరల దొంతర. కంటైనర్ మొదలైనప్పుడు దానిపై రాయడానికి వీలైన పలుచని పొర ఒకటి చేరుతుంది. ఫైలును సవరిస్తే దాని ప్రతి పై పొరలోకి వచ్చి అక్కడే మారుతుంది. అడుగు పొరలోని మూలం చెక్కుచెదరదు. కంటైనర్‌ను ఆపి మళ్లీ నడిపితే సవరణ నిలుస్తుంది, తొలగిస్తే పోతుంది. ఈ తేడా తెలియక పని పోగొట్టుకున్నవారు తక్కువేమీ కాదు. కమిట్ ఆదేశంతో ఆ పొరను కొత్త ఇమేజ్‌గా భద్రపరచవచ్చు గాని, ఏ మార్పు ఎందుకు జరిగిందో అందులో కనిపించదు. లేఖకుని దిద్దుబాట్లు మూలంలో కలిసిపోయిన తాళపత్ర ప్రతిని పరిష్కరించినవారికి ఈ ఇబ్బంది పరిచితమే.

లోపలికి వెళ్లడమూ మొదట్లో సులభం కాదు. కొందరు కంటైనర్‌లోనే ఎస్ఎస్‌హెచ్ సర్వర్ నడిపేవారు. మరికొందరు ఎన్ఎస్ఎంటర్ వాడేవారు. 2014 అక్టోబరులో డాకర్ 1.3తో ఎగ్జెక్ ఆదేశం వచ్చాక తలుపు తెరుచుకుంది. తీరా లోపల చూస్తే అనేక ఇమేజ్‌లలో వీఐ గాని, నానో గాని ఉండదు. ఎడిటర్‌ను అప్పటికప్పుడు స్థాపించుకున్నా, అదీ కంటైనర్‌తోపాటే పోతుంది.

అందువల్ల ఫైలును బయట ఉంచి, బైండ్ మౌంట్‌తో లోపలికి చూపే పద్ధతి వ్యాపించింది. ఇక్కడ ఒక సూక్ష్మమైన చిక్కుంది. కొన్ని ఎడిటర్లు పాత ఫైలులోనే రాయవు. కొత్త ఫైలు సృష్టించి దానికి పాత పేరు పెడతాయి. ఫైలు ఒక్కదాన్నే మౌంట్ చేసినప్పుడు కంటైనర్ అంటిపెట్టుకునేది పేరును కాదు, ఐనోడ్‌ను. ఫలితంగా బయట కొత్త పాఠం, లోపల పాత పాఠం ఏకకాలంలో నిలుస్తాయి. డైరెక్టరీ మొత్తాన్ని మౌంట్ చేస్తే ఈ చిక్కు రాదు.

అమరికలను ప్రోగ్రాం నుంచి వేరుచేసి పరిసర చరరాశుల్లో ఉంచాలని ట్వెల్వ్ ఫ్యాక్టర్ యాప్ పత్రం డాకర్‌కు ముందే, 2011లో ప్రతిపాదించింది. అయితే పొడవైన ఫైళ్లను ఆశించే పాత సర్వర్లకు అది చాలలేదు. 2016లో కుబెర్నెటిస్ 1.2తో వచ్చిన కాన్ఫిగ్‌మ్యాప్ ఆ లోటు తీర్చింది: ఫైలు క్లస్టర్‌లో ఒక వస్తువుగా ఉంటుంది, కంటైనర్‌లో అది దర్శనమిస్తుంది. ఆ వస్తువును మారిస్తే లోపలి ఫైలు కొద్దిసేపట్లో మారుతుంది. సబ్‌పాత్ ద్వారా మౌంట్ చేసినదైతే మారదు. ఫైలు మారినంత మాత్రాన ప్రోగ్రాం దానిని మళ్లీ చదువుతుందనీ లేదు.

షెల్ కూడా లేని డిస్ట్రోలెస్ ఇమేజ్‌లు లోపలి సవరణకు దాదాపుగా తావు లేకుండా చేశాయి. అయినా అర్ధరాత్రి సేవ నిలిచిపోయినప్పుడు లోపలికి తొంగిచూడవలసిన అవసరం తీరలేదు. పరిశీలన కోసం నడుస్తున్న పాడ్‌లోకి పరికరాలతో కూడిన తాత్కాలిక కంటైనర్‌ను పంపే సదుపాయం 2022లో, కుబెర్నెటిస్ 1.25లో స్థిరపడింది.