ఫ్లై టైయింగ్ వైస్: పీఠమా, క్లాంపా

గాలాన్ని కదలకుండా పట్టి ఉంచే చిన్న బల్ల పనిముట్టు ఫ్లై టైయింగ్ వైస్. ఈకలు, బొచ్చు, జరీ తీగ, దారం కలిపి గాలం చుట్టూ పురుగు రూపం, అంటే ఫ్లై, కడుతున్నప్పుడు రెండు చేతులూ పనికి దొరకాలి. వైస్ చేసే మేలు అదే. ఇది లేకుండా ఫ్లై కట్టలేమని కాదు. 1496లో ఇంగ్లండులో అచ్చయిన గాలపు వేట గ్రంథం పన్నెండు ఫ్లైల కూర్పు చెబుతుంది. దాని కర్త జూలియానా బెర్నర్స్ అని చాలాకాలం అనుకున్నారు, ఆ మాట ఇప్పుడు వివాదంలో ఉంది. అందులో గాలం తయారు చేయడానికి కావలసిన సరంజామాలో ఒక ఇనుప పట్టు కూడా ఉంది. దాన్నే ఫ్లై వైస్‌కు తాతగా లెక్కించాలనిపిస్తుంది గానీ, ఆ పట్టు గాలాన్ని మలిచే పనికి చెప్పినది, ఈక చుట్టే పనికి కాదు. కాబట్టి తొలినాటి ఫ్లైలు వేళ్ల మధ్యే పుట్టాయనుకోవడం మేలు. 20వ శతాబ్దిలో అమెరికన్ గాలపు వేటగాడు లీ వుల్ఫ్ (1905–1991) వైస్ లేకుండా వేళ్లతోనే కట్టేవాడు, మరీ చిన్న గాలాలను కూడా. వైస్ ఎంపిక గురించి ఎంత మాట్లాడుకున్నా ఈ సంగతి పక్కనే ఉంచుకోవాలి: కట్టేది చెయ్యి, వైస్ దానికి ఆసరా.

ఆ ఆసరాకు కింద ఆధారం రెండు రకాలుగా దొరుకుతుంది. పీఠం రకంలో వైస్ కడ్డీని బరువైన పలకలో నిలబెడతారు. అది బల్లమీద ఎక్కడ పెడితే అక్కడ సొంత బరువుతో నిలుస్తుంది. క్లాంప్ రకంలో అదే కడ్డీ సి ఆకారపు బిగింపులోంచి దిగుతుంది. బల్ల అంచును పైనా కిందా పట్టించి మర తిప్పితే బిగుసుకుంటుంది. 20వ శతాబ్ది నడిమి దశాబ్దాల్లో అమెరికాలో ఎక్కువమందికి తెలిసిన థామ్సన్ మోడల్ ఎ క్లాంప్ రకమే. దాన్ని చూసి భారతదేశంలో తయారైన చవక వైసులు అక్కడి కొత్తవారి పనిముట్ల పెట్టెల్లో చాలాకాలం కనిపించాయి. అవీ క్లాంప్ రకమే. మొదట చేతికొచ్చినది క్లాంపే కావడం వల్ల అదే అసలైన ఆధారమనీ, పీఠం తర్వాత వచ్చిన సౌకర్యమనీ ఒక భావన స్థిరపడింది. క్లాంప్ గట్టిది, పీఠం సుఖమైనది అని తేల్చేసే సలహా దాని కొనసాగింపే. ఆ సలహాలో సగమే నిజం.

గట్టితనాన్ని లెక్కలో పెట్టి చూడవచ్చు. 15 సెంటీమీటర్ల చదరం, ఒక సెంటీమీటరు మందం ఉన్న ఉక్కు పలక సుమారు 1.75 కిలోలు తూగుతుంది. పైన కడ్డీ, గాలాన్ని పట్టే దవడలు కలిపి మొత్తం రెండు కిలోలనుకుందాం. కడ్డీ పలక నడిమధ్యన ఉండి, గాలం బల్లకు 20 సెంటీమీటర్ల ఎత్తున ఉంటే, గాలాన్ని అడ్డంగా లాగి ఆ వైస్‌ను ఒరిగించడానికి ముప్పావు కిలో లాగుడు చాలు. అదే కొలతల అల్యూమినియం పలకైతే మూడో వంతు కిలో సరిపోతుంది. ఈ అంకెలు చూడగానే పీఠం ఓడిపోయినట్టే అనిపిస్తుంది. అయితే ఫ్లై కట్టేవారు దారాన్ని ఎక్కువసేపు అడ్డంగా లాగరు. గాలం మీదుగా చుట్టి కిందికి లాగుతారు. కిందికి వచ్చే లాగుడు పీఠం పలక హద్దు లోపల పడినంతవరకు వైస్‌ను ఒరగనివ్వదు, ఇంకా అదిమిపెడుతుంది. గాలం కడ్డీకి ఏడెనిమిది సెంటీమీటర్లు పక్కకు పొడుచుకుని ఉంటుంది. అందుకే కడ్డీని పలక నడుమ నుంచి ఒక పక్కకు జరిపి, గాలం కింద కూడా పలక ఉండేటట్టు చేసిన పీఠం మంచి పీఠం. కొనేటప్పుడు బరువు ఎంతని అడిగేవారే ఎక్కువ, కడ్డీ ఎక్కడ నిలిచిందో చూసేవారు తక్కువ. ఒరుగుడును తేల్చేది ఈ రెండోదే. పైగా ట్రౌట్ ఫ్లైలకు వాడే మరీ సన్నని దారాలు అరకిలో లాగుడు దగ్గరే తెగడానికి సిద్ధపడతాయి. ఆ పనిలో ఒరిగే వైస్ కంటే తెగే దారమే ముందు.

పెద్ద గాలాలకు వచ్చేసరికి లెక్క మారుతుంది. బాస్ చేపలకు కట్టే తేలే ఫ్లైలలో జింక వెంట్రుకలను గాలం మీద గుత్తులు గుత్తులుగా విచ్చుకునేలా బిగించి, ఒక్కో గుత్తినీ వెనక్కి నెట్టి దట్టించాలి. సన్నటి దారం అక్కడ ఆగదు. జెల్-స్పన్ పాలిథిలీన్ దారం కిలోల లాగుడును తట్టుకుంటుంది కాబట్టి చెయ్యి కూడా అంతే గట్టిగా లాగుతుంది. వెంట్రుకలను దట్టించే నెట్టుడు గాలం వెంబడి, అంటే అడ్డంగానే, దవడల వైపు సాగుతుంది. రెండు కిలోల పీఠం దానికి జరుగుతుంది, నునుపు బల్లమీద మరీ త్వరగా. సముద్రపు చేపల కోసం లావు గాలాలు కట్టేవారికీ ఇదే ఇబ్బంది. వన్నెవన్నెల పాతకాలపు సాల్మన్ ఫ్లైలను మాత్రం ఈ కోవలో వేయకూడదు. అక్కడ గాలం పెద్దదే గానీ పని బలంతో కాదు, నిదానంతో జరుగుతుంది. కనుక క్లాంప్‌కు నికరమైన గెలుపు ఒక్క జింక వెంట్రుకల పనిలోనూ, దానిలాంటి బలప్రయోగంలోనూ ఉంది.

ఆ గెలుపు కూడా బల్ల మంచిదైతేనే. క్లాంప్ వైస్‌ను బల్లకు కట్టేస్తుంది. బల్ల ఊగితే వైసూ ఊగుతుంది. మడత బల్లకు బిగించిన క్లాంప్ కంటే గట్టి బల్లమీద పెట్టిన పీఠం స్థిరంగా ఉంటుంది. పైగా అన్ని బల్లలూ క్లాంప్‌ను ఒప్పుకోవు. సాధారణంగా దాని నోరు ఐదారు సెంటీమీటర్ల మందం వరకే తెరుచుకుంటుంది. అంచు గుండ్రంగా చెక్కి ఉంటే జారుతుంది. అంచు కింద అడ్డపట్టీయో సొరుగో ఉంటే కింది మరకు చోటుండదు. గాజు బల్లకు బిగించడం ప్రమాదం. మెత్తని చెక్కమీద మర గుంట పెడుతుంది, తోలు ముక్కో బెండు ముక్కో అడ్డం వేస్తే తప్ప. తనకంటూ ఒక బల్ల, దానికి ఒక మూల ఉన్నవారికి ఇవన్నీ ఒక్కసారి తేలిపోయే సంగతులు. భోజనాల బల్లమీద కట్టుకుని గంట తర్వాత అన్నీ ఎత్తేయవలసినవారికి మాత్రం ప్రతిసారీ ఎదురయ్యేవి. కొత్తగా మొదలుపెట్టేవారిలో ఎక్కువమంది ఈ రెండో తరగతివారే. ఎక్కడైనా దిగి కూర్చునే పీఠమే వారికి తగినది. ఫ్లైని అవతలి వైపు నుంచి చూడాలన్నా పీఠాన్ని అలా తిప్పుకుంటే చాలు.

దీనికి రెండు అభ్యంతరాలున్నాయి. మొదటిది ప్రయాణపు బరువు: రెండు కిలోల పలకను సంచిలో వేసుకుని నది ఒడ్డుకు పోవడం దండగ, క్లాంప్ పిడికెడంత. నిజమే. కానీ చేరిన చోట బల్ల అంచు ఎలా ఉంటుందో ముందే తెలియదు. బరువు తగ్గించుకున్నందుకు పెట్టే పందెం అది. రెండో అభ్యంతరం ఎత్తు గురించి, ఇది మరింత గట్టిది. క్లాంప్‌లో కడ్డీని పైకీ కిందికీ జరపవచ్చు. బల్ల అంచునే ఉండటం వల్ల గాలం కట్టేవారి రొమ్ముకు దగ్గరగా, కావలసినంత కిందికి వస్తుంది. 75 సెంటీమీటర్ల బల్లమీద 20 సెంటీమీటర్ల పీఠం వైస్ పెడితే గాలం 95 సెంటీమీటర్ల ఎత్తున నిలుస్తుంది. పొట్టివారికి అప్పుడు భుజాలు ఎత్తి పని చేయక తప్పదు, గంట గడిచేసరికి మెడ పట్టేస్తుంది. పీఠం కడ్డీని పైకి పెంచే ఉపాయాలున్నాయి గానీ పలక కంటే కిందికి దించే దారి లేదు. కుర్చీ ఎత్తు పెంచుకోవడమే మిగిలింది. ఈ ఒక్క విషయంలో పీఠం పక్షాన చెప్పగల మంచి జవాబు లేదు.

బలం విషయంలో జవాబు ఉంది, అదీ ఇంట్లోనే. 30, 40 సెంటీమీటర్ల కొలతతో రెండున్నర సెంటీమీటర్ల మందం ఉన్న టేకు పలక దాదాపు రెండు కిలోలు తూగుతుంది. దాని పొడవాటి అంచుకు క్లాంప్ వైస్ బిగించి, పలకను గాలం కింది నుంచి బల్లమీదికి పరిస్తే అదే ఒక వెడల్పు పీఠం. బరువు ఉక్కు పలక కంటే పెద్దగా పెరగలేదు, ఒరగనివ్వని గుణం మాత్రం బాగా పెరిగింది. ఎందుకంటే ఒరుగుడును ఆపడంలో బరువుకు ఎంత పాత్ర ఉందో, అంచు ఎంత దూరాన ఉందన్నదానికీ అంతే పాత్ర. ఎదురు దిశలోనూ ఇదే పని చేయవచ్చు: జింక వెంట్రుకల పని వచ్చిన రోజున పీఠం పలకనే వడ్రంగి వాడే మామూలు సి క్లాంప్‌తో బల్లకు బిగిస్తే జరగదు.

అసలు రెంజెట్టి, రీగల్ వంటి అమెరికన్ తయారీదారులు ఒకే తలను, అంటే దవడలున్న పై భాగాన్ని, రెండు ఆధారాలతోనూ అమ్ముతున్నారు. ధరలో సింహభాగం దవడలకూ, తిరిగే యంత్రాంగానికీ పోతుంది కాబట్టి తల మంచిదైతే ఆధారాన్ని తర్వాత మార్చుకోవచ్చు, రెండోదాన్ని విడిగా కొనుక్కోవచ్చు. అలా మార్చేటప్పుడు చూడవలసిన కొలత కడ్డీ మందం. అమెరికన్ వైసులలో అది ఎక్కువగా అంగుళంలో మూడు ఎనిమిదో వంతులు, అంటే 9.5 మిల్లీమీటర్లు, మెట్రిక్ కొలతల్లో చేసినవాటిలో 10 మిల్లీమీటర్లది కనిపిస్తుంది. లావు కడ్డీ సన్నటి రంధ్రంలో దూరదని వెంటనే తెలిసిపోతుంది. సన్నది పెద్ద రంధ్రంలో దూరుతుంది, మర బిగించాక అరమిల్లీమీటరు సందులో ఒక పక్కకు ఒరిగి కూర్చుంటుంది, గాలం దగ్గరికి వచ్చేసరికి ఆ ఒరుగు కంటికి ఆనుతుంది. పలుచని ఇత్తడి రేకు చుట్టి దూరిస్తే నిటారుగా నిలుస్తుంది.